మెడ మీది ఊదా గీతలు

శనివారం సాయంత్రం హైదరాబాదు నుంచి నాగసతీష్ పంపిన కవరు అందిందనీ, అది చదివాక అన్నం సహించలేదనీ చెప్పి కిందటిసారి ఆపాను. అందులో ఏముందో చెప్పే ముందు, అప్పటికి ముత్యాలరాజు ఇంట్లో సంగతి ఎంతవరకు వచ్చిందో రెండు ముక్కల్లో గుర్తుచేస్తాను.

ముత్యాలరాజు ఒకప్పటి నా విద్యార్థి. అమలాపురంలో నా దగ్గర ఇంటర్మీడియట్ జువాలజీ చదివి, తప్పి, ముమ్మిడివరం అవతల రొయ్యల చెరువుల్లోకి దిగాడు. అతని కూతురు దుర్గాశ్రీకి తొమ్మిదేళ్ళు. నడక వచ్చిన నాటి నుంచీ తూలుతూనే నడుస్తోంది. నాలుగేళ్ళు నిండేసరికి కళ్ళల్లో తెల్లగుడ్డు మీద సన్నని ఎర్ర నరాలు తేలాయి. చెరువులో చల్లే బ్లీచింగు పౌడరు ఘాటుకే అలా అయిందని ఊరంతా అంది. ముత్యాలరాజు నమ్మాడు. పసిపిల్లని భుజాన వేసుకుని గట్ల మీద తిప్పింది తనే కదా! ఇప్పుడు ఆ పిల్ల మెడలో గడ్డలు లేచాయి. ముక్క తీసి పరీక్ష చేసి, కేన్సరన్నారు. పట్నం ఆసుపత్రిలో కరెంటు పెట్టాలన్నారు. రేడియేషన్‌ని మా వైపు అలాగే అంటారు. సోమవారం నుంచి వరసగా ఇరవై రోజులు. గురువారం తీసుకెళ్తే మెడకి కొలతలు తీసుకుని పంపారట. తీరా ఆ రాత్రి నుంచి ఆసుపత్రి ఫైలు ఇంట్లో కనబడటం లేదు.

అందుకని ఆదివారం పొద్దున్నే మొదటి బస్సెక్కాను. ఎండ లేకపోయినా మా ఆవిడ గొడుగు చేతిలో ఉంది. ఆవిడ పోయి మూడేళ్ళయినా దాని పిడి మీద ఆవిడ చుట్టిన నూలు దారం ఊడలేదు. కండక్టరు నా మొహం చూసి ఏమనుకున్నాడో, టిక్కెట్టు చింపి ఇచ్చి, "కిటికీ పక్కన కూచోండి, గాలాడతాది" అన్నాడు. అడగకుండా దొరికిన ఆ సీటులో కూచుని ఉత్తరం నాలుగోసారి చదివాను.

నేను వెళ్ళేసరికి ఇంట్లో మంచాలు ఎత్తి ఉన్నాయి. బీరువాలోని బట్టలన్నీ చాప మీద ఉన్నాయి. దుర్గాశ్రీ మాత్రం అరుగు మీద సుద్దముక్కతో గీసిన అష్టాచెమ్మా గళ్ళ ముందు దర్జాగా కూచుంది. మెడకి తువ్వాలు చుట్టి ఉంది.

"తాతగారండీ, పచ్చ గాజుముక్కలు మీవి. ఎర్రవి నావి. నాన్నని పిలవకండి, దొంగాటాడతాడు."

"నేనూ దొంగాటాడతానేమో?"

"మీకు రాదులెండి" అని తేల్చేసింది.

ఆ పిల్ల చెయ్యి వణుకుతుంది. పెన్సిలు పట్టుకుంటే అక్షరం గీత దాటిపోతుంది. గ్లాసు పట్టుకుంటే సగం నీళ్ళు గౌనుకే. అయితే గవ్వలు విసరడానికి నిలకడ అక్కర్లేదు. వణికే చేతికైనా అష్ట పడాలంటే పడుతుంది. లోకంలో ఈ పిల్లకి సరిసమానంగా వచ్చిన ఆట ఒకటైనా ఉందని నాకెప్పుడూ ఊరటగా ఉంటుంది. ఆ రోజు మొదటి విసురుకే అష్ట వేసింది.

"మాస్టారండీ, వచ్చేరా!" అంటూ ముత్యాలరాజు బయటికొచ్చాడు. రెండు రోజులుగా నిద్ర లేని కళ్ళు. "ఫైలు దొరకలేదండి. బీరువా మూడుసార్లు దింపేం. అది లేందే రేపు మిషను దగ్గరికి రానివ్వరండి."

"పెరట్లోకి పద" అన్నాను. "పిల్ల ముందు వద్దు."

పెరట్లో సూర్యావతిగారు పీట మీద కూచుని బొమ్మిడాయలకి బూడిద రాసి రాతి మీద తోముతోంది. ఆవిడ ముత్యాలరాజుకి సొంత అక్క. ఆవిడ కూతురు వాణినే అతను చేసుకున్నాడు. అంచేత ఆ ఇంట్లో ఆవిడ అక్కా, అత్తా, అమ్మమ్మా కూడా. ఆవిడ మాట దాటి అక్కడ కుండ కదలదు. వాణి నూతి దగ్గర నిలబడి బిందె నింపుతోంది.

"అక్కా, ఆఖరిసారి అడుగుతున్నాను" అన్నాడు ముత్యాలరాజు. "నువ్వు గానీ తీసేవా?"

"చేపలు తోముతున్నాను. కనబట్టం లేదా?" అంది ఆవిడ తలెత్తకుండా.

"నీకు ఆసుపత్రంటే భయం. గురువారం పట్నానికి సంచీ సర్దుతుంటే రెండుసార్లు విప్పేసేవు."

"విప్పేను. ఇస్త్రీ బట్టలు పిండేసినట్టు కుక్కితే విప్పనా?"

అప్పుడన్నాను: "ఫైలు దొరక్కపోయినా ఫరవాలేదు రాజూ. రేపు కరెంటుకి తీసుకెళ్ళొద్దు."

వాణి బిందె నిండి పొర్లిపోతోంది.

ఉత్తరం తీసి చదివి వినిపించాను. నాగసతీష్ కూడా నా విద్యార్థే, ముత్యాలరాజు తర్వాత నాలుగేళ్ళకి వచ్చినవాడు. ఇప్పుడు హైదరాబాదులో ఇలాంటి పుట్టుజబ్బుల మీదే పనిచేస్తున్నాడు. పిల్ల నడక, కళ్ళు, మాటిమాటికీ వచ్చే దగ్గూ నేను రాసి పంపితే, రక్తం పంపమన్నాడు. రక్తంలో ఒక ప్రొటీను ఈ వయసుకి ఉండవలసిన దానికి ఎన్నో రెట్లు ఎక్కువగా ఉందట. జబ్బు పేరు నోరు తిరగనిది, అటాక్సియా టెలాంజియెక్టేసియా. దానికి మూలమైన జన్యువుని నాలుగేళ్ళ కిందటే పట్టుకున్నారు. చివర రెండు వాక్యాల కింద గీత గీశాడు. 'రేడియేషన్ ఇవ్వనివ్వకండి మాస్టారూ. మామూలు పిల్లలకిచ్చే మోతాదు ఈ పిల్ల తట్టుకోదు.'

"నాకర్థమయ్యేట్టు చెప్పండి" అన్నాడు ముత్యాలరాజు. "మీ పాఠాల్లో నాకు బొద్దింక ఒకటే గుర్తుందండి."

"అయితే నువ్వే చెప్పు. గట్టుకి గండి పడితే ముందు ఏం జరుగుతుంది?"

"కాపలావోడు కేకేస్తాడండి."

"వెయ్యగానే?"

"తూము మూసేస్తాం. మోటార్లు కట్టేస్తాం. మేత ఆపేసి, ఉన్నోళ్ళందరం గట్టు మీదకెళ్ళి మట్టి బస్తాలేసి పూడుస్తాం. పూడేదాకా ఇంకో పని ఎత్తుకోమండి."

"మరి రొయ్యకి తెల్లమచ్చ తెగులు తగిలితే?"

"ఆ చెరువు ఆశ వదులుకోటమేనండి. చుక్క నీరు కాలవలోకి పోనివ్వకుండా బ్లీచింగు కొట్టి రొయ్యంతా చంపేస్తాం. లేపోతే పక్క చెరువులన్నీ పోతాయి."

"ఇంటర్‌లో ఇంత బాగా చెప్పి ఉంటే ఫస్టు క్లాసులో వచ్చేవాడివి" అన్నాను. వాణి మొహంలో నవ్వులాంటిది మెరిసి పోయింది.

"ఒంట్లో ఉండే ఒక్కో కణం ఒక్కో చెరువనుకో. దాని లోపల డీఎన్ఏ అని సన్నటి పోగు ఉంటుంది. కణం చెయ్యాల్సిన పనులన్నీ దాని మీదే రాసి ఉంటాయి. ఆ పోగు దెబ్బతింటూనే ఉంటుంది. నాకూ నీకూ అందరికీ, రోజూను. కానీ అది తెగితే చూసే కాపలావాడొకడు ఉంటాడు. వాడు కేకేస్తాడు. ఆ కేక ఒకరి నుంచి ఒకరికి అందుతుంది. కణం రెండుగా చీలబోతున్నది కాస్తా ఆగిపోతుంది, నువ్వు తూము మూసినట్టు. బాగుచేసేవాళ్ళు వచ్చి తెగిన కొసలు కలుపుతారు. కలిపితే మళ్ళీ పని మొదలు. కలపలేనంతగా చెడితే ఆ కణం తనంతట తనే చచ్చిపోతుంది, పక్కవాటికి చేటు రాకుండా."

"తెల్లమచ్చ చెరువులాగ" అన్నాడు.

"అంతే. దుర్గాశ్రీ ఒంట్లో ఆ కాపలావాడు లేడు. గండి పడుతుంది, కేక పడదు. తూము తెరిచే ఉంటుంది. తెగిన పోగుతోనే కణం రెండవుతుంది, నాలుగవుతుంది. మెడలో గడ్డలు అలా వచ్చినవే. నడక నిలబెట్టే మెదడు భాగంలోనూ కాపలా లేక కణాలు రాలిపోతున్నాయి. కరెంటు వైద్యమంటే కావాలని గండ్లు కొట్టడం. కేన్సరు చెరువుల గట్లు తెంపడానికి పెడతారు. పక్కనున్న మంచి చెరువులకీ తగులుతుంది. మామూలు పిల్లలకైతే అక్కడ కేక పడుతుంది, పూడుకుంటాయి. మన పిల్లకి..."

ఆ మాట వాణి పూర్తి చేసింది. "పూడవు."

మళ్ళీ తనే అడిగింది. "కాపలావోడు లేకుండా ఎలా పుట్టిందండి? మా ఇద్దరికీ ఏం లేదు కదా."

నేను భయపడుతూ వచ్చింది ఈ ప్రశ్నకే. "ప్రతివాళ్ళకీ కాపలావాళ్ళు ఇద్దరమ్మా. అమ్మ వైపు నుంచి ఒకడు, నాన్న వైపు నుంచి ఒకడు. ఒకడు పడుకున్నా రెండోవాడు కేకేస్తాడు, పెద్ద లోటు తెలియదు. నీకొకడూ రాజుకొకడూ పడుకున్నవాళ్ళున్నారు. ఆ పడుకున్నవాళ్ళే ఇద్దరూ దీని వంతుకొచ్చారు."

"ఇద్దరిలోనూ ఒకే జబ్బు ఎందుకుందండి?"

నేను జవాబు వెతుక్కునే లోపే సూర్యావతిగారు చేపని నీళ్ళ గిన్నెలో పడేసింది. "ఆయన చెప్పరులే. నేను చెబుతాను. మేనరికం వల్లనంటారు. నీ మావయ్యా నువ్వూ ఒక్క ఇంటి రక్తమనంటారు. ఈ సంబంధం కుదిర్చింది నేను. కాదాండి మాస్టారూ?"

"తప్పని అనడం లేదమ్మా."

"మా అమ్మా నాన్నా మేనరికమే. ఊళ్ళో సగం ఇళ్ళు మేనరికమే. పిల్లలంతా తూలుతున్నారా?"

"లేదు. ఇది చాలా అరుదు. పరాయి సంబంధాల్లోనూ రావచ్చు. ఒకే ఇంట్లో అయితే, ఆ పడుకున్న కాపలావాళ్ళు ఇద్దరూ ఒకచోట కలిసే వీలు ఎక్కువ. అంతే. ఎవరూ తెలిసి చేసింది కాదు."

తెలిసి చేసింది కాదు అన్నప్పుడు ఆవిడ చెయ్యి రాతి మీద ఆగిపోయింది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

ముత్యాలరాజు ఇంకెక్కడో ఉన్నాడు. "అయితే బ్లీచింగు కాదాండి?" అన్నాడు చాలా నెమ్మదిగా.

"కాదు రాజూ. బ్లీచింగుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. నువ్వు చెరువు మొహం చూడకపోయినా ఇలాగే పుట్టేది."

అతను తన అరచేతులు చూసుకున్నాడు. నూతి గట్టు మీద ఎప్పుడూ ఒక సబ్బుముక్క, కోసిన నిమ్మచెక్కా ఉంటాయి. ఐదేళ్ళుగా మూడుసార్లు కడుక్కుని, వాసన చూసుకుని గానీ కూతుర్ని ముట్టుకోడు. ఆ చేతుల చర్మం ఎండిన బురదలా పగిలిపోయి ఉంటుంది.

కానీ తండ్రి కదా, అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "మాస్టారండీ, మీ మాటంటే నాకు గురే. అయితే పట్నం డాక్టరుగారూ పెద్దాయనేనండి. గడ్డ చూసేరు, ముక్క తీసేరు, ఆలస్యమైతే దక్కదన్నారు. మీ హైదరాబాదు ఆయన పిల్లని చూళ్ళేదు. ఆ రక్తం పరీక్ష పొరపాటైతే? కరెంటాపేసి, గడ్డ పెరిగి పిల్ల పోతే, ఎవర్ని అడగనండి?"

నాగసతీష్ కూడా 'దాదాపు ఖాయం' అనే రాశాడు. పట్నం డాక్టరుది తప్పనలేను. మామూలు పిల్లకైతే అది మంచి వైద్యమే. ఒక పక్క గడ్డ, ఒక పక్క కాయితం. మధ్యలో పాఠాలు చెప్పుకునే నేను.

సూర్యావతిగారు లేచింది. చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళింది. బియ్యం డ్రమ్ము మూత చప్పుడైంది. వచ్చేసరికి చేతిలో పచ్చ అట్ట ఫైలు. అంచుల్లోంచి బియ్యం గింజలు రాలుతున్నాయి.

"అక్కా!" అన్నాడు ముత్యాలరాజు. కోపం కాదు, అంతకంటే లోతైనదేదో.

"తర్వాత తిడుదువు గాని, ముందు విను" అంది ఆవిడ. పీట మీద కూచోలేదు. నిలబడే చెప్పింది. "నా తర్వాత పార్వతని ఓ పిల్లుండేదిరా. నువ్వు పుట్టకముందే పోయింది. ఇలాగే తూలేది. కళ్ళు ఇలాగే ఎర్రగా. గాలి సోకిందని తాయెత్తులు కట్టించేరు. అప్పుడు రొయ్యల చెరువులెక్కడివి, బ్లీచింగెక్కడిది? దానికి పదేళ్ళొచ్చేసరికి మెడలో బిళ్ళలు కట్టేయి. నాన్న పంటెక్కించి గోదారి దాటించి పట్నం తీసుకెళ్ళేడు. లైటు పెట్టేరన్నాడు. మూడు లైట్లు. మెడ మీద ఊదా సిరాతో గీతలు గీసి పంపేరు. కడగొద్దన్నారు."

వాణి బిందె కింద పెట్టేసింది.

"మొదటి లైటు పెట్టిన ఐదో రోజున మెడంతా కాల్చిన వంకాయలా అయిపోయింది. నేనే నెయ్యి రాసేదాన్ని. పది రోజులు బతికింది. ఆ తర్వాత నాన్న ఆ పేరెత్తొద్దన్నాడు. ఇంట్లో అలాంటి పిల్ల పుట్టిందంటే నాకు పెళ్ళి కాదన్నాడు. ఎత్తలేదు. మాటెత్తక ఎత్తక నిజంగానే మర్చిపోయేనేమో అనుకునేదాన్ని. మీరు కరెంటు, కరెంటు అంటుంటే అదేదో వేరే వైద్యమనుకున్నాను. గురువారం నువ్వు పిల్లని పట్నం నుంచి తీసుకొచ్చేక తువ్వాలు తీసి చూసేను. అవే గీతలు. అదే ఊదా."

"చెప్పొచ్చు కదమ్మా" అంది వాణి.

"ఏమని చెప్పనే? ఎరిగుండి నిన్ను తమ్ముడికిచ్చేనని చెప్పనా? పార్వతి ఎందుకు పోయిందో నాకేం తెలుసు! లైటు చంపిందో, గాలి చంపిందో. ఫైలు లేకపోతే కరెంటు పెట్టరన్నారు కదా, అదొక్కటే తోచింది."

ఆవిడకి ఏ కాయితమూ చదవడం రాదు. అయినా మూడు రోజులుగా తిట్లు తింటూ, నోరు విప్పకుండా, బియ్యంలో చెయ్యి పెట్టి కాపలా కాసింది ఆవిడే. నేను హైదరాబాదుకి ఉత్తరాలు రాసి తెలుసుకున్నది ఆవిడ ఒక చిన్న పిల్ల మెడకి నెయ్యి రాసి తెలుసుకుంది.

ముత్యాలరాజు ఫైలు అందుకుని వాణికిచ్చాడు. తర్వాత, "రేపు హైదరాబాదేనండి మాస్టారూ" అన్నాడు. "మీరూ వస్తారా?"

"వస్తాను. మందులతో వైద్యం ఉంది, మోతాదు తగ్గించి ఇస్తారట. పట్నం డాక్టరుగారికి నేను వివరంగా ఉత్తరం రాసి ఇస్తాను. ఆయన చదివితే ఆయనే వద్దంటారు."

వాణి ఫైలు ఒళ్ళో పెట్టుకుని గింజలు ఒక్కొక్కటే ఏరసాగింది. అమ్మ వైపు చూడలేదు. కానీ ఏరిన గింజలు అమ్మ చేతిలోనే పోసింది.

అంతలో దుర్గాశ్రీ గోడ పట్టుకుంటూ వెనక గుమ్మం దాకా వచ్చింది. "ఎంతసేపండీ తాతగారూ? మీ కాయలు రెండు చంపేసేను."

గడప దాటించడానికి ముత్యాలరాజు లేచాడు. అలవాటుగా నూతి గట్టు వైపు, సబ్బు వైపు రెండడుగులు వేసి ఆగాడు. అలాగే వెనక్కి తిరిగి, కడగని చేతులతో పిల్లని ఎత్తుకున్నాడు. ఆ పిల్ల వింతగా అతని చెయ్యి వాసన చూసి, "రొయ్యల కంపు నాన్నా!" అంది. ఆ పెరట్లో అందరం నవ్వాం. నవ్వి ఎన్నాళ్ళయిందో అన్నట్టు నవ్వాం.

డాక్టరుగారికి రాయబోయే ఉత్తరం కోసం ఫైలు తెరిచాను. ముక్క పరీక్ష కాయితం, రక్తం కాయితాలు. అట్ట లోపలి జేబులో ఒక గులాబిరంగు కార్డు. మీద పిల్ల పేరు. కింద ఇరవై గళ్ళు, ఒక్కో రోజుకి ఒక్కోటి. పందొమ్మిది ఖాళీగా ఉన్నాయి. మొదటి గడిలో గురువారం తేదీ, పక్కన పొట్టి సంతకం.

"రాజూ," అన్నాను, "గురువారం ఉత్త కొలతలే అన్నావు కదా?"

అతని మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "గీతలు గీసేక, మిషను ఖాళీగా ఉంది, మొదటిది ఇవాళే అయిపోతాది కదా అన్నారండి. మూడు నిమిషాలేనండి. అక్క కంగారు పడతాదని ఇంట్లో చెప్పలేదు."

"నాకేం నొప్పెయ్యలేదండి" అంది దుర్గాశ్రీ తండ్రి భుజం మీంచి. "దూరంగా ఇంజను పడవెళ్తున్నట్టు చప్పుడొచ్చింది, అంతే."

"ఒక్కసారే కదా" అన్నాను. "పార్వతికి మూడుసార్లు పెట్టారు. ఇది ఒక్కటే." ఆ మాట నాకోసం కూడా చెప్పుకున్నాను. అది నిజం కూడాను.

సూర్యావతిగారు వినలేదు. అరచేతిలో బియ్యం గింజలు అలాగే ఉన్నాయి. రెండో చేతి వేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తోంది. గురువారం, శుక్రవారం, శనివారం. నాలుగో వేలు దగ్గర ఆగి నా వైపు చూసింది.

"రేపటికి ఐదో రోజండి మాస్టారూ."

"అమ్మా," అంది దుర్గాశ్రీ, తువ్వాలు కిందికి వేలు పోనిచ్చి గోక్కుంటూ, "పొద్దున్నుంచీ ఇక్కడ మండుతోందే."

వాణి లేచి తువ్వాలు ముడి మీద చెయ్యి వేసింది.